మామకు తగిలిన లక్కీ డ్రా

నాకు ఇరవై ఏళ్లున్న రోజుల్లో, లోకంలో కష్టాలు తీరకపోవడానికి ఒకటే కారణమని గట్టిగా నమ్మేవాణ్ని. అవి నా దాకా రాకపోవడమే ఆ కారణం. ఇప్పుడు నా సొంత నడుం నొప్పికే దారి దొరకడం లేదు కాబట్టి ఆ నమ్మకం తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పట్లో మేం సూరత్‌లో, ఉధ్నాలో, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మగ్గాలవాళ్లతో నిండిపోయిన ఒక గల్లీలో ఉండేవాళ్లం. చుట్టూ కార్ఖానాలే. కరెంటు మగ్గాలు (మావాళ్లు సాంచాలు అంటారు) పగలనక రాత్రనక నడిచేవి. ఆ చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ మా అందరి గొంతులూ అరుపుల్లోనే స్థిరపడిపోయాయి. ఊరికి పోయినప్పుడు మా మేనత్త పరుగెత్తుకొచ్చి నన్నూ అమ్మనూ విడదీసేది. మేం కొట్లాడుకుంటున్నామని ఆమె భయం. మేమేమో టీలో చక్కెర సరిపోయిందా లేదా అని మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం.

ఆ ఏడు బట్టల వ్యాపారానికి మందీ వచ్చింది. బట్ట అమ్ముడుపోవడం లేదని సేఠ్‌లు ముందు రాత్రి షిఫ్టు తీసేశారు, తర్వాత వారంలో సగం రోజులు తీసేశారు, ఆఖరికి తాళాలే వేశారు. గల్లీలో చప్పుడు ఆగిపోయింది. పిట్టలు అరవడం మేం మొదటిసారి విన్నది అప్పుడే. (మా అమ్మ దాన్ని ఫ్యాను పాడైన శబ్దం అనుకుని నన్ను స్టూలెక్కించింది.) నా అదృష్టమేమో, నేను పనిచేసేది ఊరవతల సచిన్ అనే చోట ఒక పెద్ద షెడ్డులో, అది మాత్రం నడుస్తూనే ఉంది. రోజూ పొద్దున డబ్బా పట్టుకుని బస్సెక్కడానికి పోతుంటే, గడపల్లో ఊరికే కూర్చున్నవాళ్లు నన్ను చూసేవాళ్లు. నాకు సిగ్గుగానూ ఉండేది, కాస్త గొప్పగానూ ఉండేది. రెండూ కలిస్తే మనిషి దాతగా మారతాడని నాకు అప్పుడే తెలిసింది.

మా కింది అర్రలో మామ, అత్త, వాళ్ల కూతురు ఉండేవాళ్లు. చుట్టరికం ఏమీ లేదు, ఆయన గల్లీ మొత్తానికీ మామే. మాలో సగం మందికి సాంచా పట్టడం నేర్పింది ఆయనే. నేను కొత్తలో నడిపిన సాంచా మీద గుడ్డ కంటే తెగిన పోగులే ఎక్కువుండేవి, అయినా ఆయన విసుక్కోలేదు. ఆ మామకు ఒక పట్టుదల ఉంది. ఎవరింటి నుంచైనా గిన్నెలో కూర వస్తే ఆ గిన్నె ఖాళీగా వెనక్కి పోకూడదు. మాలో అందరికీ ఉన్న పద్ధతే గానీ, మామ ఇంట్లో అది చట్టం. మందీ మొదలయ్యాక మా గిన్నెలో నాలుగు పచ్చిమిరపకాయలు వచ్చాయి. తర్వాత ఒకసారి డబ్బాలో పెంచుకున్న కరివేపాకు రెబ్బ వచ్చింది. ఆ తర్వాత అమ్మ పంపిన కూరను వాళ్లు తీసుకోవడమే మానేశారు.

"కడుపు నిండిందట," అంది అమ్మ, గిన్నెను పట్టుకుపోయినట్టే తిరిగి తెచ్చి. "నిండలే గిండలే. గిన్నెల పెట్టియ్యనీకి ఇంట్ల ఏం లేదు, గది సంగతి. నెల కాంగనే ఊరికి పోతరట. అత్త ఏడుస్తున్నది."

"మరి పిల్ల పరీక్షలు?"

"గందుకే ఏడుస్తున్నది."

మామ కూతురు పన్నెండో తరగతి. మా గల్లీలో అంత దూరం చదివిన ఆడపిల్ల ఇంకొకతి లేదు. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. ఇప్పుడు ఊరికి పోతే ఆ చదువు అక్కడికే ఆగిపోతుంది. రెండు నెలలకు బియ్యం పప్పులు ఉంటే చాలు, ఆ కుటుంబం ఇక్కడే ఉంటుంది. కానీ మామకు ఎవరిస్తారు, ఇస్తే ఆయన తీసుకుంటాడా? నా ఛాతీ ఉబ్బింది. లోకంలోని కష్టం ఒకటి, ఎట్టకేలకు, నా దాకా వచ్చింది.

సాయంత్రం మేడ మీద మీటింగు పెట్టాను. నేనూ, నా దోస్తు రేడియో (ఆపకుండా మాట్లాడతాడని ఆ పేరు), పనులు ఇంకా ఉన్న మరో ఇద్దరు బ్రహ్మచారులూ. ఇది ప్రాణం పోయినా బయటపడకూడదని అందరి చేతా ఒట్టు వేయించాను. తలలు దగ్గరికి చేర్చి గుసగుసగా మాట్లాడుకున్నాం. ఉపాయం నాదే. దీపావళికి దుకాణాలవాళ్లు పెట్టినట్టు, కిరాణా కాకా దుకాణం పేరుతో ఒక లక్కీ డ్రా పెట్టాలి. సరుకులు మేం కొనాలి. చీటీలన్నిటి మీదా మామ పేరే రాయాలి. ఏ చీటీ తీసినా మామకే తగులుతుంది, తగిలినదాన్ని ఆయన కాదనలేడు. రేడియో నా భుజం తట్టి, "నీ దిమాగ్ ఈడ ఉండేది గాదు," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

కాకా గుజరాతీవాడు. విషయం విని కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మందీమా వళీ లక్కీ డ్రా?" అన్నాడు. మందీలో ఈ లక్కీ డ్రా ఏమిటని ఆయన గోల. ఒక్కసారి పెడితే ప్రతివారం అడుగుతారని కూడా భయపడ్డాడు. అయినా మేం కొన్న బియ్యం బస్తా, కందిపప్పు, నూనె, కారప్పొడి పక్కన తనవంతుగా ఒక బెల్లం దిమ్మ పెట్టాడు. ఇనామంటే తీపి ఉండాలట.

ఆదివారం పొద్దున గల్లీకి గల్లీ అంతా దుకాణం ముందుకు వచ్చింది. ఇంతమంది ఎందుకొచ్చారని నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. నా ప్రచారం అంత గొప్పగా ఉందనుకున్నాను. బిస్కెట్ల సీసా నిండా చీటీలు. చీటీ తీయడానికి ఒక చిన్నపిల్లను తెచ్చి నిలబెట్టాను కూడా.

మామ ముందుకొచ్చాడు. "పోరగాండ్లెందుకు? పెద్దమనిషిని నేనున్న గద, నేను తీస్త."

నా ఆనందానికి హద్దు లేదు. తన పేరు తానే తీసుకుంటే ఇంకెవరికీ అనుమానమే ఉండదు. మామ సీసాలో చెయ్యి పెట్టి, బాగా కలిపి, ఒక చీటీ తీశాడు. దాన్ని దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, తీరిగ్గా చదివాడు. "మూల అర్రల ఉండే స్టోన్ల అక్క."

చీటీ మడిచి జేబులో వేసుకున్నాడు.

స్టోన్ల అక్కంటే ఇంట్లో కూర్చుని చీరలకు మెరిసే రాళ్లు అంటించే మనిషి. చీరలే లేనప్పుడు రాళ్లెక్కడివి. ఆమె పెనిమిటి పని వెతుక్కుంటూ భివండీ పోయాడు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అంతటి దాతనైన నాకు ఆమె సంగతి తట్టనే లేదు. ఇప్పుడు తట్టినా ఏం లాభం, చీటీ మామ జేబులో పడిపోయింది.

రేడియో తట్టుకోలేకపోయాడు. "మామా, జర సరిగ్గ సదువు."

"నాకు సదువు రాదంటవా?"

"గట్ల గాదు మామా..."

"పోనీ సీసల ఉన్న కడమ చీటిలు గూడ తీసి సదువుదామా, అందరి ముంగట?" అని మామ సీసా వైపు చెయ్యి చాపాడు.

నేను ఎగిరి ఆ సీసాను కడుపుకు కరచుకున్నాను. గల్లీ అంతా తల దించుకుని ఎందుకో దగ్గుతోంది. స్టోన్ల అక్క చిన్నకొడుకు అప్పటికే బెల్లం దిమ్మను ఎత్తుకుని పరుగు తీశాడు.

ఇంటికొచ్చి గోడకు తల ఆనించి కూర్చున్నాను. అమ్మ నవ్వీ నవ్వీ పమిటతో కళ్లు తుడుచుకుంది. "ఏందిరా గా మీటింగు? సాంచాలు బందయి ఎన్ని దినాలాయె, గల్లీల చీమ నడిస్తె సప్పుడైతున్నది. మీరేమో సాంచాల నడుమ నిలబడ్డట్టు మాట్లాడితిరి. నీ గుసగుస ఉధ్నా స్టేషన్ల గూడ ఇనవడ్డది."

"మామ గూడ ఇన్నడా?"

"మామ కిందనే మంచమేసుకోని కూసున్నడు. చీటిల మీద పేరు సక్కగ రాయమని నువ్వు రేడియోకు చెప్పేటప్పుడు నాదిక్కు జూసి నవ్విండు."

నాకు ఏడుపొచ్చింది. నవ్వులపాలైనందుకు కాదు. మా నలుగురి చేతిలో ఉన్నదంతా ఆ బస్తాకే పోయింది, నెలాఖరు దగ్గరపడింది, మామ ప్రయాణం ప్రయాణంగానే ఉంది. ఆ వారమంతా బస్సులో తల కిటికీకి పెట్టి, నా దిమాగును నేనే తిట్టుకుంటూ సచిన్ పోయి వచ్చాను.

కానీ గల్లీలో ఇంకేదో జరుగుతోంది. కాకా నన్ను పిలిచి దుకాణం మూల చూపించాడు. ఎవరో సంచిలో కొంచెం బియ్యం పెట్టి పోయారు. ఎవరో పావుకిలో చక్కెర. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆలుగడ్డలు. పని లేకుండా గడపలో కూర్చునే ముసలాయన ఒక సబ్బు. తాళం పడిన కార్ఖానాలో లెక్కలు రాసే మునీమ్ నూనె డబ్బా దించి, తన పేరు చెప్పొద్దన్నాడట. (ఆ మాట ఎంత గట్టిగా చెప్పాడంటే గల్లీ మొత్తానికీ తెలిసింది.) అందరూ ఒకటే అన్నారట, వచ్చే ఆదివారం డ్రా కోసం అని. "మై బోలా థా నా," అని, ప్రతివారం అడుగుతారని ముందే చెప్పానుగా అన్నట్టు కాకా తల కొట్టుకుని, పెసరపప్పు ఒక పొట్లం తనూ పెట్టాడు.

రెండో ఆదివారం నేను బుద్ధిగా అందరి పేర్లూ రాశాను. అది దండగ శ్రమ. ఈసారి చీటీ తీస్తానని స్టోన్ల అక్క ముందుకొచ్చింది. చీటీ విప్పి, తలకిందులుగా పట్టుకుని, ఒక్క క్షణం కూడా చూడకుండా మామ పేరు చదివింది.

మామ లేచాడు. "చీటి సూపియ్యి."

"మొన్న నువ్వు సూపిచ్చినవా మామా?"

మామ నిలబడి ఉన్నాడు, భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు. అప్పుడు అత్త వచ్చి బియ్యం మూటకు ఒకవైపు చెయ్యి వేసి, నన్ను చూసి, "జర ఆ కొస పట్టు కొడుకా," అంది. నేను వంగేలోపు ఆ కొస మామ పట్టుకున్నాడు. ఇద్దరూ మూటను మోసుకుంటూ ఇంటికి పోయారు. మామ వెనక్కి తిరిగి చూడలేదు, చూడకపోవడమే మాకూ మంచిదయింది, ఎందుకంటే రేడియో కూడా ఏడుస్తున్నాడు.

మరునాడు అమ్మ కూర పంపింది. గిన్నె తీసుకున్నారు. సాయంత్రానికి అది బెల్లం అన్నంతో తిరిగొచ్చింది. అమ్మ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, "గిన్నె వచ్చింది," అంది. నాకు ఆ మాట చాలు. మామ వాళ్లు ఊరికి పోలేదు. పిల్ల పరీక్షలు రాసింది, తర్వాత కాలేజీలో కూడా చేరింది. సాంచాలు మళ్లీ మొదలయ్యేదాకా కాకా ప్రతి ఆదివారం డ్రా పెడుతూనే ఉన్నాడు, చీటీ మీద ఉన్న పేరు ఒక్కరూ చదవలేదు. సాంచాల చప్పుడు తిరిగొచ్చిన రాత్రి గల్లీ అంతా హాయిగా నిద్రపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ ఏడు మళ్లీ మందీ. నేను పనిచేసే షెడ్డుకు తాళం పడి కొన్ని వారాలైంది. ఈమధ్య గల్లీ పోరగాళ్లు నన్నే మామ అంటున్నారు, జుట్టు చూసి కాబోలు. నిన్న సాయంత్రం గడపలో కూర్చుని ఉంటే మేడ మీద నుంచి ఒకడు, "మెల్లగ మాట్లాడుర్రి, మామకు ఇనవడితే ఇజ్జత్ పోతది," అని అరిచాడు. పాపం, వాడు గుసగుసలాడుతున్నాడు. ఆదివారమట. కిరాణా దుకాణం ముందట. ఇప్పుడు అక్కడ కాకా కొడుకు కూర్చుంటున్నాడు.

రాత్రి అద్దం ముందు నిలబడి, ఆశ్చర్యపోయిన మొహం ఎలా పెట్టాలో కాసేపు సాధన చేశాను. చీటీ మాత్రం నేనే తీస్తానని, ఎవరి పేరు చదవాలో కూడా అనుకున్నానని ఇంటావిడకు చెప్పాను. ఈ కథ ఆమె లెక్కలేనన్నిసార్లు విన్నది. బియ్యం డబ్బా మూత తీసి నాకు అడుగు చూపించి, నవ్వుతూనే, "మొదటి వారం నీ ఇష్టమున్న పేరు సదువుకో," అంది. "రెండో వారం చీటి నేను తీస్త."