జగన్నాథం గారి ఆగని చక్రం

మాదన్నపేట జగన్నాథం గారికి ఉన్నది ఒకే ఒక్క వ్యసనం: ఒకసారి తోస్తే ప్రళయం దాకా తనంతట తానే తిరిగే నీటిచక్రం తయారుచేయడం. పై తొట్టి నీళ్లు చక్రం మీద పడాలి, చక్రం తిరగాలి, దాని గొలుసుకు కట్టిన రేకు డబ్బాలు అవే నీళ్లను మళ్లీ పై తొట్టిలోకి తోడాలి. ఎద్దు అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు. అక్కరపడిందల్లా ఆయన భార్య సులోచన పొద్దున్నే వీధి నల్లా దగ్గర కొట్లాడి తెచ్చిన నీళ్లు.

“పప్పుల పొయ్యనీకి చుక్క నీళ్లు లేవు,” అనేది ఆవిడ.

“లోకానికే మేలు జరగబోతున్నది. జర ఓపిక పట్టు.”

చక్రం నాలుగు చుట్లు తిరిగి, నిట్టూర్చి ఆగేది.

“చిన్న లోపం,” అని ఆయన తీర్పు చెప్పేవారు.

ఆ చక్రాన్ని చెక్కింది పక్కింటి వడ్రంగి ఖదీర్. అవి యుద్ధం రోజులు. బజారులో జొన్నలకు కరువు గానీ చావులకు కాదు. ఖదీర్‌కు క్షయ ముదిరింది. హకీం ఆశ వదులుకున్నాడు. ఔరంగాబాదు నుంచి బంధువులు ఏడవడానికి దిగారు. మసీదు నుంచి, శవాన్ని మోసే జనాజా మంచం తెప్పించి గోడకు ఆనించారు కూడా. అప్పుడు ఖదీర్ కళ్లు తెరిచాడు.

“జగన్నాథం భాయ్! నీ చక్రం ఆగకుండ తిరిగేది చూడంది నేను పోను. ఖుదా కసం!”

ఖదీర్ మాట మీద నిలబడే మనిషి. బంధువులు కొన్నాళ్లు ఎదురుచూసి, రేషను జొన్నలు ఖర్చుచేసి, విసుగెత్తి వెళ్లిపోయారు. జనాజా మంచం, తొందరపడిన మరెవరికో అవసరమై తరలిపోయింది. ఖదీర్ మాత్రం నెత్తురు పడే దగ్గుల నడుమ, పక్కమీదే కూర్చుని చక్రానికి కొత్త రెక్కలు చిత్రిక పడుతూ ఉండిపోయాడు.

గల్లీకి జగన్నాథం గారి మీద కోపం వచ్చింది.

“సచ్చేటోని ఆఖరి కోరిక గూడ తీర్చవస్తలేదు, ఏం చదువయ్యా నీది?” అన్నాడు కిరాణా కొట్టు రాజన్న.

ఖదీర్ భార్య బిల్కీస్ ఏడ్చింది. “అన్నా, ఉలి పట్టి పట్టి ఆయన వేళ్లు పుండ్లయినయి. ఒక్కసారన్న తిప్పి చూపియ్యండి.”

“చిన్న లోపం ఉన్నదమ్మా,” అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

సులోచనకు ఒళ్లు మండింది. ఇవాళ చక్రం తిరగాలి, లేదా పొయ్యిలోకి పోవాలి, అనుకుని మధ్యాహ్నం పెరట్లోకి వెళ్లింది. జగన్నాథం గారు గొంతుక్కూర్చుని, ఇరుసులో మేకు దిగ్గొడుతున్నారు.

“ఏందండీ గిది?”

“మెల్లగ!” అన్నారాయన. “మొన్న ఆముదం పెట్టిన. లెక్కంత కుదిరింది సులోచనా. ఇగ తోస్తే ఆగనే ఆగదు.”

“మరి మేకెందుకు?”

“తిరిగితే ఖదీర్ చూస్తడు.” ఆయన సుత్తి కింద పెట్టారు. “చూస్తే పోతడు.”

సులోచన చక్రం వైపు చూసింది. మేకు ఉన్నా లేకున్నా అది తిరిగే రకం కాదు. నీళ్లు వాటంతటవే పైకెక్కితే తన నడుము ఇట్లా ఉండేదే కాదు. కానీ ఈ పిచ్చి మనిషి తన పేరు లోకమంతా మారుమోగబోతోందని మనసారా నమ్మి, ఆ పేరుకే మేకు కొడుతున్నాడు. ఆవిడ నిజం చెప్పలేదు.

“ఆయనది వడ్రంగి కన్ను. మేకయితే దొరికిపోతరు,” అని, దాన్ని పీకించి, తన పాత చీర పీలిక ఒకటి ఇరుసు సందులో కనబడకుండా కూరింది.

సాయంత్రం ఖదీర్ మంచాన్ని రెండిళ్ల నడుమ ఉన్న పెరటి గోడ దగ్గరికి జరిపారు. జగన్నాథం గారు చక్రాన్ని తోశారు. అది అరచుట్టు తిరిగి, మూలిగి, నిలిచిపోయింది.

“మళ్ల ఏమైందిరా?” అని అరిచాడు ఖదీర్.

“ఇరుసు మంచిగ లేదు భాయ్,” అంది సులోచన. “కొత్తది చెక్కాలె. టేకుది. మస్తు టైం పడ్తది.”

ఖదీర్ లేచి కూర్చుని జగన్నాథం గారిని, ఆయనకు చదువు చెప్పిన పంతుళ్లను వరసపెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో దగ్గు వచ్చింది గానీ తిట్లకు అడ్డం నిలవలేకపోయింది. ఉలి ఎక్కడ పెట్టావని బిల్కీస్ మీద వేసిన కేక గల్లీ చివరిదాకా వినిపించింది.