వీధంతా ఒకే రంగు వెలుగు

మా అమ్మాయి తీస్తున్న చిన్న సినిమాలో ఒక్క సన్నివేశం మిగిలింది. రాత్రిపూట ఒకామె ఇల్లు విడిచి వీధి చివరిదాకా నడిచి వెళ్లిపోవాలి. నడవాల్సింది నేనే. కెమెరా అడిగి తెచ్చుకున్నది. తెల్లవారగానే కడప బస్సులో తిరిగి పంపాలి. ఆ రాత్రే తియ్యకపోతే సినిమాకు ముగింపు ఉండదు.

ఎర్రగుంట్ల దగ్గరి మా ఊళ్లో, మా వీధిలో ఒక ఇంట్లో పని ఉందంటే అందరి గడపలూ వెలగాలి. అదొక మర్యాద. షూటింగని తెలిసి, పొద్దు గూకగానే ట్యూబులైట్లు, బల్బులు, పెళ్లికి కట్టే రంగుల దీపాలు, అన్నీ వేసేశారు.

అమ్మాయి కెమెరాలో చూసి దిగాలుపడింది.

"ఇట్లయితే కాదు మా. ఈ పసుపును తర్వాత కంప్యూటర్లో వెన్నెల చెయ్యాల. పసుపును సరిచేస్తే ట్యూబులైటు శానా నీలమైపోతాది. నీ మొగం ఒక రంగు, గోడ ఒక రంగు."

"అన్నీ ఆర్పిస్తే?"

"చీకట్లో తీస్తే బొమ్మంతా చుక్కలు చుక్కలుగా చీమలు పారినట్లుంటాది. వెలుగుండాల, అంతా ఒకే రంగుదుండాల. చీకటి నేను కంప్యూటర్లో చేసుకుంటా."

ఇల్లిల్లూ తిరిగాను. సాయం వద్దని చెప్పడం సాయం అడగడం కన్నా కష్టం. "సినిమా అని చెప్పి వీధి చీకటి చేస్తాండావేం మే?" అని నవ్వారు. అయినా పసుపు బల్బులు ఉంచి మిగతావి ఆర్పారు. వీధిలో పరిచిన నల్ల నాపబండలు వెలుగును మింగేస్తుంటే, బట్టలు జాడించిన నీళ్లు దాచినవి తెచ్చి వీధిలో చల్లాను. బండలు మెరిశాయి.

ఎదురింటి అవ్వ దగ్గర పని ఆగింది. ఆమె వాకిట్లో క్రిస్మస్ నక్షత్రం, లోపల తెల్ల బల్బు.

"కొంచేపు ఆర్పు అవ్వా."

"ఆర్పను. పెండ్లయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి ఈ నెలలో మా వాకిలి చీకటి పడనీలేదు."

"పొద్దున్నే కెమెరా పోతాది అవ్వా."

"పోనీ. నక్షత్రం యాడికీ పోదు."

ఇంటికొచ్చి వంటింట్లో పసుపు బల్బు విప్పాను. యాభై దాటాక నేను అక్షరాలు దిద్దుకున్నది దాని కిందే. అది, ఒక స్టూలు పట్టుకుని మళ్లీ వెళ్లాను.

"ఆర్పనులే. బల్బు మారుస్తా."

"మార్చేటప్పుడు ఆరతాది గదా?"

అవ్వ లోపలికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించి తెచ్చింది. నేను బల్బు మార్చేదాకా దాన్ని నక్షత్రం కింద ఎత్తి పట్టుకుంది. నేను స్టూలు దిగుతుంటే వెనక నుంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"కొవ్వొత్తి దించొద్దు అవ్వా. అట్లనే ఉండు. మా, నువ్వు నడువు."

నడిచాను. తడి బండల మీద, వెనక్కి చూడకుండా, వీధి చివరిదాకా.

తర్వాత అవ్వను పిలిచి కంప్యూటర్లో చూపించాం. వీధంతా వెన్నెల. గోడలు, నా మొహం, నక్షత్రం, అన్నీ ఒకే రంగుకు మారాయి. బల్బుల కన్నా ఎర్రగా వెలిగే కొవ్వొత్తి మాత్రం కొంచెం పసుపుగానే మిగిలింది. దాన్ని కూడా మార్చనా అని అమ్మాయి అడిగింది.

"ఉండనీ" అంది అవ్వ. "అది ఆరలేదు గదా."