పక్కసీటు తెలుగు

కిరందుల్ గనుల ఎర్రదుమ్ము మోసుకొచ్చే బస్సులో నేను గీదం సంతకు వెళ్లే రోజుల్లో, ఒకామె తరచూ నా పక్కన కూర్చునేది. "జరా సరకో, భయ్యా" అని నన్ను జరిపి, శ్రీకాకుళంలో ఉన్న అక్కకు ఫోను చేసేది. చుట్టూ ఉన్నవాళ్లకు తెలుగు రాదని ధైర్యమేమో, బస్సంతా మారుమోగేది. నా పిసినారితనం కూడా ఫోనెక్కింది.

"అప్పా, నా పక్కనున్న షావుకారు మూట కిరాయికి కండక్టరుతో బేరమాడతన్నాడు! ఈడి పెళ్లాం ఎలా ఏగతందో ఏటో!"

నాకింకా పెళ్లి కాలేదు. అయినా నవ్వాపుకొని కిటికీ వైపు తిరిగేవాణ్ణి. రాష్ట్ర సరిహద్దులో తర్లగూడ విడిచాక నా చెవిన పడే తెలుగు అదొక్కటే. తిట్టయినా వదులుకునే బేరం కాదు. గని క్వార్టర్సులో ఒక్కదాన్నే వండుకు తినలేకపోతున్నానని ఆమె ఏడ్చిన రోజు కూడా, ఏమీ అర్థం కానట్టే కూర్చున్నాను.

ఒకసారి ఆమె మాట్లాడుతుండగానే మా అమ్మ తిన్నావా అని ఫోను చేసింది. నా తెలుగు బయటపడితే పక్కన మాట ఆగిపోతుందని, "హాఁ, ఖా లియా" అన్నాను.

"ఏందిరా, అమ్మతోని హిందీల మాట్లాడుతున్నవ్?"

అమ్మ గొంతు పక్కసీటుకు వినబడింది. ఆమె నన్ను చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మరుసటి సంతకు ఆమె ముందు సీటులో కూర్చుంది. ఫోను మోగితే, "బస్సులో ఉన్నానప్పా, ఇంటికెళ్లి చేస్తాను" అని మెల్లగా చెప్పి పెట్టేసింది. అందరూ ఇలా ఉంటే ఎంత హాయి అన్నాడు కండక్టరు.

ఆ రోజు మూట కిరాయికి అతనితో, ముందు సీటుకు వినబడేలా ఎన్నడూ లేనంత గట్టిగా, చాలాసేపు బేరమాడాను. ఆమె అక్కకు ఫోను చేయలేదు.