గీతల నత్తను నేను రాసిపెట్టలేదు

వచ్చే వారం శామీర్‌పేట దగ్గర మా ఊరి చెరువు తూము కింది మడుగును మట్టితో పూడుస్తారు. ప్లాట్లు వేస్తున్నారు. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

మా చిన్నప్పుడు... తొలకరి పడిన మర్నాడు అవ్వ నన్ను ఆ మడుగుకు తీసుకువెళ్ళేది. మోకాటి లోతు నీళ్ళు... చంకన వెదురు బుట్ట. పెద్ద నత్తలు కూరకు. వాటితో పాటు గోరంత నత్తలు చేతికొచ్చేవి, గుల్ల మీద నల్లని గీతలతో. వాటినీ బుట్టలో వేసేదాన్ని.

"గీతల నత్తలను ఇడువు బిడ్డా. గోరంత లేవు, గవేం కూరయితయి?"

"బుట్ట నిండుతది గదనే అవ్వా!"

"బుట్ట నిండుతది, నీ కడుపు నిండదు. నీళ్లల్లనే ఇడిసిపెట్టు!"

ఆ నత్తల మీది ఇష్టమే నన్ను జంతుశాస్త్రం చదివించింది. ఉద్యోగం మాత్రం సముద్రం ఒడ్డున దొరికింది. ఇరవై ఏళ్ళుగా తీరప్రాంతపు అరుదైన నత్తలు తరిగిపోవడాన్ని నమోదు చేస్తున్నాను... ఏ రాతి మీద ఎన్ని, ఏ నెలలో ఎన్ని. కొన్ని జాతుల పేర్లకు ఎదురుగా ఇప్పుడు వరుసగా సున్నాలే.

సెలవులకు ఊరొస్తే గీతల నత్తలు కాళ్ళకు తగిలేవి. ఇవెక్కడికి పోతాయిలే అనుకున్నాను. ఒక్క గుల్ల దాచలేదు... ఒక్క తేదీ రాయలేదు.

ఈసారి వానలు ఆలస్యం. అరచేతి లోతు నీళ్ళలో మూడు రోజులు వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ప్లాట్ల పని చూస్తున్న మా చిన్నాన్న కొడుకు యాదగిరి గట్టు మీద నిలబడి నవ్వాడు.

"ఏందక్కా, సముద్రంల నత్తలన్ని ఒడిసిపోయినయని గిక్కడికొచ్చినవా?"

పూడ్చడం ఆపమని తహసీల్దారుకు అర్జీ పెట్టాను. ఆఫీసులో మర్యాదగానే అడిగారు, "ఆ నత్త గాడ ఉండెననేటందుకు ఆధారమేందమ్మా?" అని.

నా దగ్గర లేదు. యాదగిరి మీద కోపం తెచ్చుకోలేకపోతున్నాను... అతను మడుగును పూడుస్తున్నాడు. అందులో ఏముండేదో రాసి ఉంచవలసినదాన్ని నేను.

గౌడవెల్లి, కీసర వైపు మీలో ఎవరైనా చిన్నప్పుడు ఏరుకున్న అలాంటి గుల్ల ఏ పాత డబ్బాలోనైనా ఉంటే... ఎక్కడ, ఏ కాలంలో దొరికిందో దయచేసి ఈ పోస్టు కింద రాయండి. వారం లోపు.

కొన్ని నత్తలు నీరు చాలనప్పుడు గుల్ల మూత బిగించుకుని నెలల తరబడి బురదలోనే ఉండిపోతాయి. గీతల నత్తకు ఆ అలవాటు ఉందో లేదో నేనెన్నడూ పరిశీలించలేదు. అది అక్కడ బతికే ఉందో, ఎప్పుడో అంతరించిందో నాకు తెలియదు.