కల్లంలో కూర్చున్నవాళ్ళు

యంత్రానికి పక్షపాతం ఉండదని అందరూ అంటారు. ఎదుట ఉన్నది కామందా, కూలీయా అని అది అడగదు గనుక, మనిషి కన్నా అదే న్యాయంగా చూస్తుందని నమ్మకం. పర్చూరు దగ్గర ఒక మిరప కల్లంలో ఆ నమ్మకం ఏమైందో స్తుతికి తెలుసు.

ఊహ తెలియకముందే ఆమె తల్లి పోయింది. పిన్ని ప్రేమమ్మ మిరపకోతలకు వెళ్ళి పెంచింది, ఇంజనీరింగు చదివించింది. ఉద్యోగంలో స్తుతి పని, డ్రైవరు లేకుండా నడిచే బండికి చూపు నేర్పడం. పొలం నుంచి మిరప బస్తాలను కల్లానికి చేర్చే బ్యాటరీ బండి అది. ఆమె రాసిన నియమం చిన్నది: మనిషి కనిపిస్తే పది అడుగుల దూరంలో ఆగాలి, కాయల రాశి కనిపిస్తే అంచు తాకేదాకా మెల్లగా వెళ్ళి బస్తాలు దించాలి.

ఏది మనిషో బండికి తెలియాలంటే వేల ఫోటోలు కావాలి. వాటి కోసం స్తుతి ముందుగా సొంత ఊరి కల్లానికే వెళ్ళింది. రాశి చుట్టూ కాళ్ళు చాపుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కెమెరాను చూడగానే లేచారు.

"ఒసే సుబ్బరావమ్మా, లెగవే! మా ఇంజనీరమ్మ ఫోటో తీస్తంది," అంది ప్రేమమ్మ కొంగు దులుపుకుంటూ.

"నా పెళ్ళికే ఎవరూ తియ్యలా. ఆ బండేమన్నా నన్ను చేసుకుంటదేమో అడగవే నీ పిల్లని!" అంది సుబ్బరావమ్మ.

కల్లమంతా నవ్వింది. స్తుతి కూడా నవ్వింది. కూర్చోండి, పని చేసుకోండి అనడం ఆమెకు తోచలేదు. కెమెరా ముందు కూర్చుని ఉండడం మర్యాద కాదనుకోవడం అక్కడ పెరిగిన ఆమెకూ అలవాటే. ఆ నెలలో తిరిగిన ప్రతి కల్లంలోనూ ఇదే జరిగింది.

ఫిబ్రవరిలో ప్రేమమ్మ వాళ్ళ కల్లానికి బండి వచ్చింది. మూడో రోజు పది బస్తాల బరువుతో అది ప్రేమమ్మ వైపు కదిలింది. పక్కవాళ్ళు జరగమని అరిచారు.

"ఆగుద్దిలేవే. మా పిల్ల చేసింది," అంది ప్రేమమ్మ, ఏరుతున్న కాయల మీంచి చెయ్యి తియ్యకుండానే.

ఎర్రచీరతో రాశిని ఆనుకుని కూర్చున్న ఆమెను బండి రాశి అంచు అనుకుంది. మెల్లగానే వెళ్ళింది. చాపిన కాళ్ళ మీదుగా వెళ్ళింది. గుంటూరు ఆసుపత్రిలో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

"దారిలో కూర్చోవద్దని బోర్డు పెట్టాం కదమ్మా," అన్నాడు స్తుతి పై అధికారి శివరామకృష్ణ, నివేదిక ముందుకు జరుపుతూ. "కారణం దగ్గర 'కూలీ అజాగ్రత్త' అని రాశాను. సంతకం పెట్టండి. బండి పని సాగుతుంది, మీ ఉద్యోగమూ సాగుతుంది."

ఒక్కరోజు గడువు అడిగి, స్తుతి ఫోటోలన్నీ మళ్ళీ తెరిచి చూసింది. పదకొండు వేలు. కూర్చున్న మనిషి ఒక్కరూ లేరు. బండి అందరినీ ఒకేలా చూసిన మాట నిజమే. దానికి చూపించిన ఆ అందరిలో, పనిలో ఉన్నవాళ్ళు లేరు.

మర్నాడు ఆమె శివరామకృష్ణ రాసిన కారణం కొట్టేసి, "కూర్చుని పనిచేసే మనిషిని ఈ బండికి నేను నేర్పలేదు. ఆ తప్పు దిద్దేదాకా దీన్ని ఏ కల్లంలోనూ నడపకూడదు" అని రాసి సంతకం చేసింది. ఇందులో గొప్పతనం వెతకనక్కర్లేదు. ఆ వాక్యంతో కాలు తిరిగి రాదు. వారంలోపే ఆమెను ఉద్యోగం నుంచి తప్పించారు. ఇప్పుడు పర్చూరులో పిన్నితో ఉంటూ, ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతోంది.