రెండో కార్డుకు తెలియని కాటాలు

సండూరు దారిలో ఒక రవాణా కంపెనీ. అక్కడ పదకొండేళ్లు నెట్‌వర్కు గది చూశాను. కొండ మీద నుంచి ఖనిజం దించే లారీల కాటాలు, గేట్లు, ఆఫీసు కంప్యూటర్లు అన్నీ ఆ గదిలోని ఒకే రౌటరుతో నడిచేవి. ఆ రౌటరును నడిపే కార్డులు రెండు. ఒకటి పని చేస్తుంటే రెండోది పక్క అరలో సిద్ధంగా ఉంటుంది. మొదటిది ఆగితే రెండోది పని అందుకోవాలి. అందుకుంటుందో లేదో ముందే తెలియాలంటే మనమే మొదటిదాన్ని ఆపి చూడాలి.

ఆ పరీక్ష నెలలో మొదటి ఆదివారం, ఉదయం ఏడు గంటలకు చేసేవాళ్లం. నాతో పనిచేసిన ఆమెది రూపనగుడి, రైతు కుటుంబం, నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. మొదటి ఆదివారం మా చర్చి సంఘంలో ప్రభువు బల్ల ఆరాధన ఉంటుందని ఆమెకు తెలుసు.

"పో అక్కా, నీ పాపాల సంగతి నువ్వు చూసుకో, కార్డు సంగతి నేను చూసుకుంటా" అనేది. ఆమె పండుగలకు నేను గదిలో కూర్చునేదాన్ని.

తర్వాత ఆమె పోస్టు తీసేశారు. రెండు కార్డులు ఉండగా ఇద్దరు మనుషులెందుకన్నారు. వరుసగా తొమ్మిది నెలలు నేనే పరీక్ష చేశాను. తొమ్మిదిసార్లు బల్లకు పోలేదు. మొదటి రెండు నెలలు సంఘంలో ఎందుకు రాలేదని అడిగారు. మూడో నెల నుంచి అడగలేదు.

పదో నెల బల్లకు పోయాను. సోమవారం వచ్చి రిజిస్టరులో "ఆదివారం, ఏడు గంటలు, పరీక్ష జరిగింది, సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

అంతకు ముందు వారమే రెండు కొత్త కాటాలు కలిపాము. వాటి వివరాలు మొదటి కార్డులో చేర్చాను, రెండోదానికి పంపడం మరిచాను. పరీక్ష చేసి ఉంటే ఏడుంబావుకల్లా బయటపడేది. గురువారం పది ఇరవైకి మొదటి కార్డు చచ్చిపోయింది. రెండోది వెంటనే పని అందుకుంది, పచ్చదీపం కూడా వెలిగింది. కొత్త కాటాలు రెండూ మాత్రం దానికి తెలియవు. కారణం పట్టుకునేసరికి నలభై ఒక్క నిమిషాలైంది. పదిహేడు లారీలు నిండుగా నిలబడ్డాయి.

సాయంత్రం ఆఫీసరు రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు.

"ఆదివారం బాగుండాదని మీరే రాసినారు. అంటే కార్డులు అమర్చిన ఇంజనీరు పనే సరిగా లేదు. రేపు ఆయప్ప మీద రాసి పంపిస్తా."

"ఆదివారం నేను రాలేదు సార్."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"సుమ్నే ఉండండమ్మా, నోరెత్తకండి. రిటైరయ్యేదానికి ఇంక ఆరు నెలలే ఉండాది మీకు. ఎవరడిగినారు మిమ్మల్ని?"

"ఆ ఇంజనీరును అడుగుతారు కదా."

నా రాతను ఒక్క గీతతో కొట్టేసి, కింద "పరీక్ష జరగలేదు" అని రాసి, సంతకం చేసి, టైము వేశాను. ఆయన చదివి, "ఇంక నా చేతిలో ఏం లేదు" అన్నాడు. సోమవారం మెమో వచ్చింది. పరీక్ష బెంగళూరు ఆఫీసు వాళ్లకు అప్పగించారు. వాళ్లు అక్కడి నుంచే చేస్తారట, ఈడ మనిషి అక్కర్లేదట. ఆదివారాలు నాకు మిగిలాయి.

ఈ సంగతి చెప్పుకోవడానికి రూపనగుడి ఆమెకు ఫోన్ చేశాను. మొదటి నుంచి వరుసగా చెప్పాను.

"ఫోన్ చేసింటే మొదటి బస్సుకే వస్తాంటిని కదక్కా" అంది చివరికి. "పోస్టు తీసినారు గానీ నా కాళ్లు తీసినారా?"

"జీతం లేని మనిషిని పనికి ఎట్లా పిలవాలమ్మా?"

"అయితే ఇన్నేళ్లూ నీ ఆదివారాలు జీతానికి చేసినానా నేను?"

ఆమె పొయ్యి మీద పాలు ఉండాయని చెప్పి ఫోన్ పెట్టేసింది. మరుసటి రోజు ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమని మొదలుపెట్టాలో కాగితం మీద రాసుకుని కూడా చూశాను. ఆ ఫోన్ చేయకుండానే ఇప్పటికి నాలుగేళ్ల రెండు నెలలు.