ముంపు లేదని రాసిన కాగితం

పోయిన వారం తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్తుంటే భీమడోలు దాటాక బస్సు కాసేపు ఆగిపోయింది. పక్క కాలువలో యంత్రం దింపి గుర్రపుడెక్క తీయిస్తున్నారు. గట్టు మీద పోసిన కుప్పలు ఎండకు మగ్గిపోతున్నాయి. ఆ కుళ్లిన ఆకు వాసన, అడుగు నుంచి లేచిన నల్లబురద వాసన కలిసి కిటికీలోంచి ఒక్కసారిగా లోపలికొచ్చాయి. పక్క సీట్లో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఇంకాస్త పీల్చాను. ఆ వాసన తగిలితే నాకు సుభద్ర గారు గుర్తొస్తారు.

నా మొదటి ఉద్యోగం కొల్లేటి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్లో, పంచాయతీ కార్యదర్శిగా. ఆవిడ ఆ ఊరి సర్పంచి. అరవై దాటిన మనిషి, వరి పండించే కుటుంబం, చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. సంతకం పెట్టాల్సిన ప్రతి కాగితాన్నీ వేలు కింద పెట్టుకుని, పైకి చదివి, అర్థం కాని మాట దగ్గర ఆగి అడిగేవారు. పది నిమిషాల పని గంట పట్టేది. పోటీ పరీక్ష రాసి వచ్చానన్న గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది. ఆవిడ అలా చదువుతుంటే గోడ గడియారం వంక చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ వేసవిలో కాలువగట్టు మీద పాకల్లో ఉంటున్న నలభై దాకా కుటుంబాలకు ఇళ్ల స్థలాలు ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. ఊళ్లో ఒక మోతుబరి రోడ్డు పక్కనున్న తన చేను ప్రభుత్వానికి అమ్ముతానన్నాడు. పై అనుమతులు ఎన్ని ఉన్నా, నా నివేదిక, పంచాయతీ తీర్మానం లేనిదే ఫైలు కదలదు. నేను మ్యాప్ ముందు వేసుకుని, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, అందులో ఇళ్లకు వీధులు గీసి, "సదరు స్థలమునకు ముంపు లేదు" అని రాసేశాను. ఆవిడ వేలు సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగింది.

"ఇది మీరు చూశారాండీ, సెక్రటరీ గారూ?"

"మ్యాప్‌లో అలాగే ఉందండి."

"సరే. సాయంత్రం ఓసారి ఇద్దరం వెళ్లొద్దాం."

వెళ్లాం. నేల ఎండి నెర్రెలిచ్చి ఉంది. ఇంతకన్నా పొడినేల ఎక్కడుంటుందని లోపల విసుక్కున్నాను. సుభద్ర గారు వంగి ఒక నెర్రెలోంచి గుప్పెడు నత్తగుల్లలు ఏరి నా చేతిలో పోశారు. అవతల చేపల చెరువు గట్టున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని పిలిచి, వానాకాలం ఈ చేను సంగతేమిటని అడిగారు.

"ఇక్కడండీ? దోనె మీద తిరుగుతామండి," అన్నాడాయన నవ్వుతూ. "అదిగో, పక్షుల అభయారణ్యం హద్దు రాయి. కొల్లేరు పొంగితే ఆ రాయి కనబడదండి."

నా అరచేతిలో గుల్లలు చల్లగా తగిలాయి. మొహం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. తిరిగి వస్తుంటే ఆవిడ నెమ్మదిగా అన్నారు. "ఎండాకాలం ఏ చేనైనా మెరకలాగే ఉంటదమ్మాయ్. మ్యాప్ గీసినాయన ఏ నెల్లో వచ్చాడో మనకేం తెలుసు? మీరు రాసింది నమ్ముకుని పిల్లాజెల్లాతో కాపురానికి వచ్చేస్తారు గదా."

ఆ వాక్యం కొట్టేసి, వానలు పడ్డాక చూసి రాయవలసి ఉందని మార్చాను.

సమావేశం రోజు ఊరంతా వచ్చింది. తీర్మానం అయిపోతుందనే అందరూ అనుకున్నారు. సుభద్ర గారు లేచి, ఆ చేను మునుగుతుందేమో వానల్లో చూడాలి, అందాకా వాయిదా వేస్తున్నామన్నారు. ఎవరు ఆపారని కేకలు లేచాయి. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే ఆపానండి," అన్నారు. అప్పుడు గట్టు మీద ఉండే మంగమ్మ ముందుకు వచ్చింది.

"మీకు డాబా ఉందండి, ఎన్ని వానలైనా ఆగుతారు. మా పిల్లలు ఇంకో ఏడు తడవాలాండీ?"

"నిజమే మంగమ్మా," అన్నారావిడ.

ఆ తర్వాత గట్టు మీదవాళ్లు ఆవిడతో మాట్లాడటం మానేశారు. పేదవాళ్లకి ఇళ్లు రావడం ఆవిడకి ఇష్టం లేదని మోతుబరి మనుషులు ప్రచారం చేశారు. ఆవిడ రోజూ పదింటికి గొడుగు వేసుకుని ఆఫీసుకు వస్తూనే ఉన్నారు. జూలై అంతా పొడిగా గడిచిపోతుంటే నాకు భయం వేసింది. వానలు సరిగా పడకపోతే? ఆవిడ మాట తప్పయితే? ఆవిడను ఆ మాట అడిగే ధైర్యం లేకపోయింది.

ఆగస్టులో పడింది. ఎడతెరిపి లేకుండా పడి, ఎగువ నుంచి వాగులు కూడా దిగి, ఒకనాటి పొద్దున కొల్లేరు రోడ్డు అంచుదాకా వచ్చింది. నేను వెళ్లేసరికి సుభద్ర గారు, మంగమ్మ పక్కపక్కన నిలబడి ఉన్నారు. చేను లేదు. నడుములోతు నీళ్లు, వాటి మీద కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, అదే వాసన. నేను గీసిన వీధులు ఉండాల్సిన చోట ఒక దోనె కట్టేసి ఉంది. నేను అక్కడే మైలురాయి మీద కూర్చుండిపోయాను. బతికిపోయాం అనుకున్నాను. వాళ్లూ, నేనూ.

"ఇక్కడుంటే ఏమైపోదుమండీ," అంది మంగమ్మ. వెంటనే తిరిగి, "అయితే మరి మా ఇళ్లెక్కడండి?" అని అడిగింది.

సుభద్ర గారు అప్పటికే ఆ సంగతి ఆలోచించి పెట్టుకున్నారు. ఊరికి ఉత్తరాన పోరంబోకు కళ్లం ఉంది. ఎంత వానకీ మునగని మెరక. పెద్ద రైతులంతా తరతరాలుగా ధాన్యం ఆరబెట్టుకునేది అక్కడే. ఆ మాట ఎత్తగానే ముందు ఎదురు తిరిగింది ఆవిడ భర్తే. పంచాయతీ ఆఫీసు అరుగు మీదే, అందరి ముందూ, "ధాన్యం రోడ్డు మీద ఆరబోసుకోమంటావా?" అన్నారు.

"ఆరబోసుకుందామండి," అన్నారావిడ. "వాళ్లు కాలువగట్టు మీద కాపురాలే చేస్తున్నారు, మనం రోడ్డు మీద ధాన్యం ఆరబెట్టుకోలేమా?"

ఆయన వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదట. తీర్మానం రోజు మాత్రం గ్రామసభకు వచ్చి, వెనక బెంచీ మీద కూర్చుని, సరేనన్నట్టు చెయ్యెత్తారు. నివేదిక కోసం ఆ నేల నేను మూడుసార్లు తిరిగాను, ఒకసారి జోరువానలో. ఇళ్లు పూర్తవడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఆ రెండు వానాకాలాలూ మంగమ్మ వాళ్లు గట్టు మీదే తడిశారు. గృహప్రవేశానికి పిలవడానికి ఆమె సుభద్ర గారింటికే ముందు వెళ్లిందని విని, ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

బదిలీ అయి వెళ్లేముందు అడిగాను, ఆ వాయిదా వేసిన రోజు సమావేశంలో నా పేరు ఎందుకు చెప్పలేదని. ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ, "మీరు కొత్త. మొదటి తప్పు ఊరందరి ముందూ పెడితే రెండోది దాచడం నేర్చుకుంటారు," అన్నారు.

ఆవిడ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నా చేతి మీదుగా చాలా ఊళ్ల ఫైళ్లు వెళ్తాయి. చెప్పులు చేత్తో పట్టుకుని దిగాల్సిన చోట దిగి చూస్తాను. చూడనిదాన్ని చూడలేదనే రాస్తాను. ఫైళ్లు ఆలస్యం చేస్తానన్న పేరు నాకూ వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వచ్చినప్పుడు, నేను సంతకం పెట్టిన స్థలాలను ఒక్కొక్కటిగా తలుచుకుంటాను. తణుకు వైపువి, ఏలూరు వైపువి, కొల్లేటి అంచువి. అన్నీ తలుచుకోవడం అయ్యాక, గుండె నిమ్మళంగానే ఉంటుంది.